పొగబండి వెనక మూడు రోజులు

మా జీపు కదలడం లేదు. ముందు గ్యాస్ సిలిండర్ల లారీ, దాని ముందు స్కూలు వ్యాను, ఆ ముందు ఏముందో కనబడదు. డార్జిలింగ్ హిల్‌కార్ట్ రోడ్డు పొడవునా హారన్ల మోత. సరిగ్గా అప్పుడు వెనక నుంచి ఒక కూత వినిపించింది. నీలం రంగు బుల్లి ఇంజను, దాని వెనక రెండు పెట్టెలు. ఓ పక్క దుకాణాల మెట్లు రాసుకుంటూ, ఇంకో పక్క మా జీపు అద్దానికి జానెడు దూరంలోంచి, నింపాదిగా మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయింది.

గంటకి పది పన్నెండు కిలోమీటర్లు దాటని రైలు అది. దాన్ని వెంటాడి ఫోటోలు తీద్దామని హైదరాబాద్ నుంచి విమానమెక్కి వచ్చినవాణ్ణి నేను. కెమెరా ఒళ్ళోనే ఉంది. లెన్సు మూత కూడా తియ్యలేదు.

జీపు నడిపే దాజు వెనక్కి తిరిగి నవ్వాడు. దాజు అంటే నేపాలీలో అన్న. అక్కడ డ్రైవర్లందర్నీ అలాగే పిలుస్తారు. "దిగి నడవండి సార్, అందుకుంటారు" అన్నాడు హిందీలో. వెటకారం అనుకున్నా. కాదు, సలహానే. దిగి పరిగెత్తాను. ఒక మలుపు దాటేసరికి ఇంజను పక్కనే ఉన్నాను. కాకపోతే ఏడు వేల అడుగుల ఎత్తులో గాలి చాలక, కెమెరా పట్టుకునే ఓపిక లేక, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వగరుస్తూ నిలబడిపోయాను. రైలు మళ్ళీ వెళ్ళిపోయింది.

మొదటిరోజు లెక్క అది. సున్నా ఫోటోలు.

నా వయసు ఇరవై ఎనిమిది. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చదివింది ఇంజనీరింగే అయినా ఇంజను అనే వస్తువుని చేత్తో ముట్టుకున్నది ఫస్టియర్ వర్క్‌షాప్‌లో ఒక్కసారే. రైళ్ళ పిచ్చి మాత్రం వారసత్వం. మా తాత బిట్రగుంటలో ఫైర్‌మన్‌గా చేశారు. నెల్లూరు, కావలి మధ్య ఉండే ఆ ఊరి పేరు ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు గానీ, ఒకప్పుడు అక్కడి లోకో షెడ్డంటే పెద్ద పేరు. గుండ్రంగా కట్టిన షెడ్డు, మధ్యలో ఇంజన్లని తిప్పే చట్రం, చుట్టూ రైల్వే క్వార్టర్లు. ఆవిరి ఇంజన్లు పోయాక ఊరి కళే పోయిందని మా నాన్న అంటుంటారు. మన దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్ల రోజువారీ నడక 1995తో ఆగిపోయింది. నేను పుట్టింది ఆ తర్వాతే. అంటే నేను వెంటాడుతున్నది నా చిన్ననాటి జ్ఞాపకాన్ని కాదు, వేరేవాళ్ళ జ్ఞాపకాన్ని.

తాతకి ఇప్పుడు ఎనభై దాటాయి. చూపు మందగిస్తోంది. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోది డాక్టర్లు ఆలోచిద్దామంటున్నారు. ఆయన పనిచేసిన రోజుల ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు. షెడ్డుకి కెమెరా ఎవడు తెస్తాడు? అందుకే చూపు ఉండగానే ఆయనకి ఒక నిజమైన ఆవిరి ఇంజను ఫోటో, నేను తీసింది, చూపించాలని పట్టుకుంది. పది రోజుల లీవు అడిగితే అయిదు రోజులిచ్చారు. సరేనని నవంబరులో రూమ్మేటుని వెంటేసుకుని బయల్దేరాను. వాడికి రైళ్ళంటే ఐఆర్‌సీటీసీ యాప్ మాత్రమే. మోమోలు, టీ తోటలు చూపిస్తానంటే వచ్చాడు.

డార్జిలింగే ఎందుకంటే, మిగతా చోట్ల రైలుని చూడాలంటే రైలెక్కాలి, లేదా కొండెక్కాలి. ఇక్కడ రోడ్డూ పట్టాలూ కవలల్లా కలిసి నడుస్తాయి. ముందు బండ్ల కోసం రోడ్డు వేశారు. దాని అంచునే పట్టాలు వెయ్యొచ్చని ఫ్రాంక్లిన్ ప్రెస్టేజ్ అనే రైల్వే అధికారి ప్రతిపాదించాడు. 1879లో పని మొదలైంది, 1881 జులైకల్లా డార్జిలింగ్ దాకా రైలొచ్చేసింది. పట్టాల మధ్య దూరం రెండంటే రెండడుగులు, 610 మిల్లీమీటర్లు. మనం రోజూ ఎక్కే రైళ్ళ పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. అంటే మూడో వంతు పైచిలుకు. అందుకే బండిని చూడగానే బొమ్మ రైలంటారు. అక్కడి డ్రైవర్ల ముందు ఆ మాట అనకండి. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రైలు మరి.

న్యూ జల్పాయిగురి నుంచి డార్జిలింగ్ దాకా సుమారు 88 కిలోమీటర్లు. మైదానం నుంచి రెండు వేల మీటర్ల పైకి ఎక్కుతుంది, దారిలో సొరంగం ఒక్కటీ లేదు. కొండ మరీ నిలువుగా ఉన్నచోట పట్టాలు గుండ్రంగా చుట్టుకుని తమ మీదుగానే దాటుతాయి. ఇంకా నిలువుగా ఉంటే రైలు ముందుకెళ్ళి, ఆగి, వెనక్కి ఇంకో పట్టా మీద ఎక్కి, మళ్ళీ ముందుకెళ్తుంది. మనం బరువైన బీరువాని మెట్లెక్కించేటప్పుడు ఇటు కాస్తా అటు కాస్తా జరుపుతాం చూడండి, అలా.

ఈ పట్టాల మీద ఇప్పుడు కింద నుంచి పైదాకా వచ్చే బండికి డీజిల్ ఇంజనే. ఆవిరి ఇంజన్ని రోజూ చూడాలంటే డార్జిలింగ్ నుంచి ఘూమ్ దాకా వెళ్ళొచ్చే జాయ్‌రైడ్ బళ్ళే దిక్కు. రానూపోనూ రెండు గంటలు. మధ్యలో బతాసియా లూపు దగ్గర పది నిమిషాలు, ఘూమ్‌లో అరగంట ఆగుతుంది. టికెట్టు మనిషికి 1,500 రూపాయల పైమాటే. అదే బండి డీజిల్‌తో అయితే తక్కువ. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మేం పెట్టుకోలేదు. రెండోరోజు పొద్దున బజారు మలుపులో నలభై నిమిషాలు చలికి వణుకుతూ కాపుకాస్తే, తీరా వచ్చింది డీజిల్ బండి. మా రూమ్మేటు చప్పట్లు కొట్టాడు.

ఇక్కడ చిన్న మాట. ఊటీ రైలు కూడా నేరోగేజే కదా అని చాలామంది అంటారు. కాదు, అది మీటర్‌గేజి. మనకీ ఒక అసలైన నేరోగేజి ఉండేది. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్ళేది. పర్లాకిమిడి రాజావారి చొరవతో 1900లో మొదలై, 2004లో బ్రాడ్‌గేజిగా మార్చడానికి ఆపేసే దాకా నడిచింది. నాకప్పుడు ఏడేళ్ళు. ఎవరైనా ఎక్కించి ఉంటే బాగుండేది. ఆ వైపు పాఠకులు కొందరు ఎక్కే ఉంటారు, అదృష్టవంతులు.

సరే, వెంటాట సంగతికి వద్దాం. నేను ఇంజనీర్ని కాబట్టి మొదట ఎక్సెల్ షీటు తయారుచేశాను. నాలుగు స్పాట్లు, ఒక్కోచోట రైలొచ్చే టైము, ఎండ దిశ, జీపులో ఒక స్పాటు నుంచి ఇంకో స్పాటుకి పట్టే నిమిషాలు. షీటు అద్భుతంగా వచ్చింది. అందులో ట్రాఫిక్కు అనే కాలమ్ లేదు, అదొక్కటే లోపం. రైలు ఎంత మెల్లగా పోయినా ఆగదు, జీపు ఎంత వేగంగా పోయినా ఆగుతుంది. తాబేలు కుందేలు కథ నాకు ముప్ఫయ్యో ఏట పడబోతూ అర్థమైంది.

రెండోరోజు మధ్యాహ్నానికి పద్ధతి మార్చాం. ఒక ట్రిప్పుకి ఒకే చోటు. రైలుకన్నా ముందే నడిచి వెళ్ళి కూర్చోవడం. అది వెళ్ళిపోయాక దాని గురించి మరిచిపోవడం. ఇంకో సంగతి కూడా దాజు చెబితేనే తెలిసింది. డార్జిలింగ్ కన్నా ఘూమ్ ఎత్తులో ఉంది. ఘూమ్ స్టేషన్ 2,258 మీటర్లు. ఆరేడు కిలోమీటర్లలో దాదాపు 180 మీటర్లు ఎక్కాలి. కాబట్టి వెళ్ళేటప్పుడు ఇంజను ఒళ్ళు విరుచుకుని పనిచేస్తుంది, పొగ, ఆవిరి, చప్పుడు అన్నీ ఉంటాయి. తిరిగొచ్చేటప్పుడు దిగుడే, బ్రేకులు పట్టుకుని జారుకుంటూ వస్తుంది, ఫోటోలో ఆగిన బండిలా ఉంటుంది. నేను మొదటిరోజంతా తిరుగు ప్రయాణానికి కూడా పరిగెత్తాను. ఆవిరి బాగా తెల్లగా పడాలంటే చలి ఉండాలి. చల్లటి గాలిలోనే ఆవిరి చిక్కబడి మబ్బులా నిలుస్తుంది. అందుకే ఎండలు ముదిరాక వచ్చినవాళ్ళకి ఇంజను ఉత్తి చేతులతో వచ్చినట్టు కనబడుతుంది.

పొద్దున్నే లోకో షెడ్డు దగ్గరికి వెళ్ళడం నేను ఈ ట్రిప్పులో చేసిన తెలివైన పని. స్టేషన్ దగ్గర రోడ్డుకి ఆనుకునే ఉంటుంది. గట్టిగా ఆరు కాలేదు. ఇంజన్లు అప్పటికే నిద్రలేచి సన్నగా బుసకొడుతున్నాయి. బాయిలర్లో నీళ్ళు మరిగి ఆవిరి కట్టడానికి గంటలు పడుతుంది. మనకి ల్యాప్‌టాప్ ఆన్ అవ్వడానికి రెండు నిమిషాలు పడితేనే చిరాకు. 805 నెంబరు ఇంజను దగ్గర ఒకతను, ముప్ఫయ్యేళ్ళుంటాయేమో, తలకి గుడ్డ చుట్టుకుని సుత్తితో బొగ్గు కొడుతున్నాడు. కొబ్బరికాయంత పెళ్ళల్ని నిమ్మకాయంత ముక్కలు చేస్తున్నాడు. ఇంజను చిన్నది, నిప్పుగూడూ చిన్నదే, పెద్ద ముక్కలు వేస్తే లాభం లేదు. ఫోటో తీసుకోనా అని సైగ చేస్తే తలూపాడు. నవ్వమంటే నవ్వలేదు. పని ఆపలేదు.

ఇవి 'బి క్లాసు' ఇంజన్లు. 1889లో మొదలుపెట్టి నలభై ఏళ్ళ లోపు మొత్తం 34 తయారుచేశారు. చాలావరకు గ్లాస్గోలో, కొన్ని అమెరికాలో బాల్డ్విన్ వాళ్ళ దగ్గర, మూడు ఇదే లైను మీద ఉన్న తింధరియా వర్క్‌షాప్‌లో. నాలుగే చక్రాలు. నీళ్ళ తొట్టి బాయిలర్ మీద గుర్రం జీనులా కూర్చుంటుంది. పాత ఫోటోల్లో ఇంజను ముందు కమ్మీ మీద ఇద్దరు మనుషులు కూర్చుని ఉంటారు. వానకి, మంచుకి పట్టాలు తడిసి చక్రాలు జారకుండా చేత్తో ఇసుక చల్లడం వాళ్ళ పని. నేను చూసినప్పుడూ ఒకతను అలా కూర్చుని, ఇసుక డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. నూట నలభై ఏళ్ళుగా ఇదే టెక్నాలజీ, ఒక్క అప్‌డేటూ రాలేదు.

ఆ మధ్యాహ్నమే నాకు ఒక దెబ్బ తప్పింది. బజారు దాటాక ఇళ్ళ మధ్యలోంచి పట్టాలు పోయే చోట నిలబడ్డాను. కిటికీలకీ రైలుకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నిలబడేంత జాగా. రైలు కూత వినగానే ఎదురింటి ముసలామె బయటికొచ్చి గబగబా తీగ మీద బట్టలు తీస్తోంది. పొగ మసి పడుతుందని. నాకు ఫ్రేము మహా బాగుంది. ముందు ఎర్ర శాలువా, వెనక ఇంజను. ఇంకాస్త వెడల్పుగా వస్తుందని వ్యూఫైండర్లో కన్ను పెట్టి ఒక అడుగు వెనక్కి వేశాను. ఆ అడుగు పట్టాల మీదికి. ఇంజను ఇంకా దూరమే అనిపించింది, లెన్సులో అలాగే అనిపిస్తుంది.

ఆమె నా బ్యాగు పట్టుకుని లాగింది. బట్టలన్నీ కిందపడ్డాయి. రైలు పోయేదాకా బ్యాగు వదల్లేదు, ఆ తర్వాత నేపాలీలో తిట్టింది. ఒక్క ముక్క అర్థం కాలేదు, అంతా అర్థమైంది. బట్టలు ఏరి ఇవ్వబోతే లాక్కుని లోపలికెళ్ళిపోయింది. తెల్ల చొక్కా ఒకటి, స్కూలు యూనిఫాం అయ్యుండాలి, మట్టి అంటుకుంది. ఆ ఫోటో రాలేదు. తర్వాత అక్కడ ఇంకో ఫోటో తియ్యబుద్ధి కాలేదు. ఈ లైను పొడవునా గేట్లుండవు, కంచెలుండవు. రీల్సు కోసం పట్టాల మీద కూర్చునే పిల్లల్ని చూసి పొద్దున నేనే విసుక్కున్నాను.

బతాసియా లూపు గురించి మీకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు, పోస్టుకార్డుల్లో ఉండేది అదే. 1919లో కట్టిన పెద్ద చుట్టు. మధ్యలో గూర్ఖా సైనికుల స్మారక స్తంభం, చుట్టూ పూలతోట, ఎదురుగా మబ్బు లేకపోతే 8,586 మీటర్ల కాంచనజంగ. మాకు ఇరవై నిమిషాలు మబ్బు తొలగింది. ఆ ఇరవై నిమిషాల్లోనే బండి వచ్చింది. అక్కడ కనీసం యాభై మంది ఫోన్లు పైకెత్తి ఉన్నారు. ఇద్దరు ముగ్గురు నాలాగే పెద్ద లెన్సుల వాళ్ళు. వాళ్ళలో ఒకరు ఫైర్‌మన్ని చూసి చెయ్యి గుండ్రంగా తిప్పుతూ "ధువా, ధువా" అని అరిచారు. పొగ కావాలని. నేనూ అరిచాను. అబద్ధం ఎందుకు, అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

అతను, పొద్దున బొగ్గు కొట్టినతనే, మా వైపు ఒకసారి చూశాడు. వంగి నాలుగు పారలు వరసగా వేశాడు. బండి కదిలింది, చిమ్నీలోంచి నల్లగా, కారు మేఘంలా పొగ లేచింది. వెనక తెల్లటి మంచుకొండ, ముందు ఆ నలుపు, మధ్యలో నీలం ఇంజను. పద్దెనిమిది క్లిక్కులు. వాటిలో ఒకటి ఇప్పటిదాకా నేను తీసిన ఫోటోలన్నింట్లో మొదటిది. ఆ రాత్రే ఆఫీసు గ్రూపులో పెట్టాను. ఎప్పుడూ బగ్గుల గురించి తప్ప మాట్లాడని మా మేనేజరు కూడా మంట ఇమోజీ పెట్టాడు.

మూడోరోజు వెంటాట మానేసి టికెట్టు కొనుక్కుని రైలెక్కాం. అది మా రూమ్మేటు డిమాండు. "ఒరేయ్, రెండు రోజుల్నించి రైలు చుట్టూ తిరుగుతున్నాం, ఎక్కలేదు. పెళ్ళికొచ్చి భోజనం చెయ్యకుండా పోతామా?" అన్నాడు. ఎక్కాక తెలిసింది, బయటి నుంచి కనబడని సంగతులు. ఇంజను ప్రతి దమ్మూ సీటులోంచి వెన్నుకి తగులుతుంది. కిటికీలోంచి చెయ్యి చాపితే మిఠాయి కొట్లో లడ్డూ అందేలా ఉంటుంది. పొగ కళ్ళల్లో పడుతుంది, మసి ముక్కులో. 'ఆరాధన' సినిమాలో రాజేష్ ఖన్నా జీపులో పాడుతూ వెంటపడిన రైలు ఇదే. షర్మిలా టాగోర్ చేతిలో పుస్తకం మీద మసి ఎందుకు పడలేదో ఎవరూ అడగలేదు.

ఘూమ్‌లో మంచు దిగింది. పది అడుగుల అవతల ఏమీ కనబడదు. కాంచనజంగ లేదు, ఆకాశం లేదు, ఫోటోగ్రాఫర్లంతా కెమెరాలు లోపల పెట్టేసుకుని మ్యూజియంలోకో టీ కొట్లోకో పోయారు. నేను ఇంజను దగ్గరే తచ్చాడాను. ఫైర్‌మన్ టీ గ్లాసు పక్కన పెట్టి నిప్పుగూడు తలుపు తెరిచాడు. ఆ బూడిదరంగులో ఒక్కసారిగా నారింజ వెలుగు, అతని మొహం మీద, చేతుల మీద. తీశాను. వెలుతురు చాలక చెయ్యి కదిలి, మసకగా వచ్చింది. ఇంకోటి తీద్దామనేలోపు తలుపు మూసేశాడు.

తర్వాత కాసేపు మాట్లాడాడు. ఎక్కడి నుంచి, ఏం పని. మా తాత కూడా ఫైర్‌మన్ అని చెబితే మొదటిసారి నవ్వాడు. "బడా ఇంజన్?" అన్నాడు. అవును, పెద్ద ఇంజన్ అన్నాను. కెమెరా ఎంత అని అడిగాడు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. మూడో వంతు ధర చెప్పాను. దానికే కళ్ళు పెద్దవి చేశాడు.

సంక్రాంతికి ఊరెళ్ళాను. తాత ఇప్పుడు కావలిలో మా బాబాయి దగ్గర ఉంటున్నారు. భోజనాలయ్యాక వరండాలో ట్యాబ్ తెరిచి ఆయన ముందు పెట్టాను. ముందు మామూలువి, చివర్లో అసలుది. బతాసియా, మంచుకొండ, నల్ల పొగ.

తాత ట్యాబ్‌ని కంటికి దగ్గరగా, ఆపరేషన్ అయిన కంటి వైపు పెట్టుకుని చాలాసేపు చూశారు. నేను మెప్పు కోసం కాచుకుని ఉన్నా.

"ఏందబ్బయా ఈ నలుపు?"

"బాగుంది కదా తాతా!"

"ఏం బాగు? ఈ పొగ పెడితే మా ఫోర్‌మన్ చెవి మెలేసేవోడు. పొగ నల్లగా పోతాందంటే బొగ్గు మండకుండా గాల్లోకి పోతాందని. ఒకేసారి గుమ్మరిచ్చినాడు, లోపలికి గాలి ఆడలా. కొంచెం కొంచెం, నిప్పంతా పలచగా పరిచినట్టు ఎయ్యాల. చిమ్నీ మీద సన్నగా, బూడిద రంగు, కనపడీ కనపడనట్టు ఉండాల. అదీ ఫైర్‌మన్ అంటే."

మేమే అడిగి వేయించామని చెప్పాను. తాత నన్ను ఒకసారి చూసి, "ఫోటో కోసరమా!" అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

నాయనమ్మ లోపల్నుంచి, "ఆ పొగ బొమ్మలు నాకు చూపించబాకండి. క్వార్టర్లో ఉన్నన్నాళ్ళూ ఆరేసిన గుడ్డ ఆరేసినట్టు తెల్లగా తీసిన పాపాన పోలా" అంది. తీగ మీద బట్టలు తీసిన ముసలామె గుర్తొచ్చింది. ఆ సంగతి వీళ్ళకి చెప్పలేదు.

తాత మిగతా ఫోటోలు వేలితో జరుపుతూ పోయారు. నేను పనికిరాదని పక్కన పెట్టినవి కూడా అందులో ఉన్నాయి. ఒకదాని దగ్గర ఆగారు. బజారు పైన ఎక్కుడులో తీసింది, చిమ్నీ మీద పొగ సరిగ్గా లేదని వదిలేసినది. "ఇది సూడు. నిండుగా లాగతా ఉండాడు, పొగ సూడు ఎట్టుందో. ఇదే మనిషా? పనిమంతుడే!" అన్నారు. ముందుభాగాన ఇసుక డబ్బాతో కూర్చున్నతన్ని చూసి నవ్వారు. పెద్ద ఇంజన్లకి ఇసుక పెట్టె, గొట్టం ఉండేవట, చేత్తో చల్లే బాధ లేదట.

అడగాలనిపించి అడిగాను. "నువ్వు ఇంజను మీద పోతున్నప్పుడు బయట ఏం కనబడేది తాతా?" గూడూరు నుంచి విజయవాడ దాకా ఎన్ని వందలసార్లు తిరిగి ఉంటారో. పెన్న వంతెన, కృష్ణ వంతెన, చీరాల వైపు తోటలు.

"గేజి గ్లాసు కనపడేది. నీళ్ళు ఎంతుండాయో. నిప్పు కనపడేది. బయట ఏముండాదో డ్రైవరుకి తెలియాల."

ఆయన కుడి ముంజేతి మీద చిన్నప్పట్నించీ చూస్తున్న ముడతల మచ్చ ఉంది. ఎలా అయిందని నేను ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు ఆయనే చెప్పారు. తలుపు తీసినప్పుడు మంట వెనక్కి కొట్టిందట. ఏడు రోజులు సెలవిచ్చారట. "నీకు అయిదు రోజులేగా ఇచ్చింది" అని నవ్వారు. నవ్వులో దగ్గొచ్చింది. ఆ దగ్గు ఇంట్లో అందరికీ అలవాటే.

చివర్లో ఘూమ్ ఫోటో. మంచు, నారింజ వెలుగు, కదిలిపోయిన మొహం. ఇది సరిగ్గా రాలేదు తాతా అని లాక్కోబోయాను. ఇవ్వలేదు. ట్యాబ్‌ని ఇంకా దగ్గరికి, ముక్కుకి తగిలేలా పెట్టుకున్నారు. ఆయన చూసిన వెలుతురు అదే కదా, దానికి ఫోకస్ ఎలా ఉంటే ఏం.

"ఎన్నేళ్ళు ఈ పిల్లోడికి?"

"ముప్ఫయ్ ఉంటాయేమో తాతా. అడగలేదు."

"పెళ్ళయిందా?"

"తెలీదు."

"పేరేంది?"

అడగలేదు. మూడు రోజులు అతని చుట్టూ తిరిగాను.

"ఇంజను నెంబరు?"

"805" అన్నాను టక్కున.

తాత ఏమీ అనలేదు. ట్యాబ్ నా చేతికిచ్చి, మంచినీళ్ళు తెమ్మన్నారు.

మార్చిలో మళ్ళీ వెళ్తున్నాను, ఈసారి నాలుగు రోజులు. రూమ్మేటు రానన్నాడు. ఆ మసక ఫోటోని పన్నెండు పద్దెనిమిది సైజులో ప్రింటు వేయించాను, ఫ్రేము వద్దని ఉత్తి అట్టకి అంటించాను, రైలు వాళ్ళ గదిలో గోడకి ఎలాగైనా పెట్టుకోవచ్చని. బజారు మీది ఎక్కుడు ఫోటో కూడా ఒకటి. దాని వెనక తాత వణికే చేత్తో సంతకం చేశారు. సంతకం కింద ఇంగ్లీషులో 'ఫైర్‌మన్, బిట్రగుంట' అని రాశారు. ఒక తెల్ల చొక్కా కూడా కొన్నాను. ఏ సైజు స్కూలు పిల్లాడిదో తెలియదు, అందాజుగా పదేళ్ళ వాడిది తీసుకున్నా.